తప్పుకున్నవాళ్లే గెలిపించారు

2024 జులై 7, ఆదివారం. ఫ్రాన్స్‌లోని లియాన్ నగరం. రాత్రి ఎనిమిది కావస్తోంది కానీ బయట ఇంకా ఎండే. నేను అద్దెకుంటున్న చిన్న గదిలో ల్యాప్‌టాప్ మీద ఫ్రెంచ్ టీవీ, పక్కన ఫోన్‌లో నాన్న. విజయవాడలో అప్పటికి రాత్రి పదకొండున్నర.

"ఏరా, ఎవరొస్తారంటున్నారు అక్కడ?"

"నేషనల్ ర్యాలీయే ముందుంటుందంట నాన్నా. మెజారిటీ వస్తుందా రాదా అన్నదే డౌటు."

సరిగ్గా ఎనిమిదికి తెర మీద అంచనాలు పడ్డాయి. మొదటి స్థానంలో వామపక్షాల కూటమి. రెండో స్థానంలో అధ్యక్షుడు మాక్రాన్ పక్షం. ఖాయంగా మొదట ఉంటుందనుకున్న నేషనల్ ర్యాలీ మూడో స్థానంలో. నేను చదివింది తప్పేమో అనుకున్నా. ఈలోగా ఎదురు బిల్డింగ్ కిటికీల్లోంచి అరుపులు, ఈలలు. ఎవరో గిన్నె మీద గరిటెతో వాయించేస్తున్నారు.

విచిత్రం ఏంటంటే, నేషనల్ ర్యాలీకి ఓట్ల శాతమేం తగ్గలేదు. వారం క్రితం మొదటి రౌండులో మిత్రులతో కలిపి 33 శాతం తెచ్చుకుంది. ఈ రెండో రౌండులో కూడా అందరికంటే ఎక్కువ ఓట్లు దానికే. అయినా సీట్లలో మూడో స్థానం. ఎందుకంటే ఆ వారం రోజుల్లో 200 మందికి పైగా అభ్యర్థులు తమంతట తాముగా పోటీ నుంచి తప్పుకున్నారు. అర్హత ఉండి, పోస్టర్లు అంటించుకుని, ఇల్లిల్లూ తిరిగి, చివరికి "నాకు ఓటేయకండి, ఆయనకేయండి" అన్నారు. ఆ "ఆయన" చాలాచోట్ల వాళ్లకి అస్సలు పడనివాడు.

వాళ్ల గురించే ఇది.

నాకెందుకు పట్టింది?

నాది విజయవాడ, అజిత్‌సింగ్‌నగర్. ఇంజినీరింగ్ అయ్యాక హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 2024 మొదట్లో ఏడాది కోసం ఆన్‌సైట్ అని లియాన్ పంపారు. నాన్న ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. యూనియన్ మనిషి. నేను మాత్రం రాజకీయాలంటే మీమ్స్ వరకే. ఎలక్షన్ రోజు సెలవొస్తే ఊరెళ్లి, వేలి మీద సిరా ఫొటో పెట్టే బ్యాచ్.

అక్కడ ఆ జూన్‌లో మాత్రం తప్పించుకోవడం కుదరలేదు. జూన్ 9న యూరప్ పార్లమెంటు ఎన్నికల ఫలితాలొచ్చాయి. జోర్డాన్ బార్డెల్లా అనే 28 ఏళ్ల కుర్రాడు నడిపించిన నేషనల్ ర్యాలీ జాబితాకు 31 శాతం. మాక్రాన్ పార్టీకి అందులో సగం కూడా రాలేదు. ఆ రాత్రే మాక్రాన్ టీవీలోకొచ్చి జాతీయ అసెంబ్లీని రద్దు చేశానన్నారు. మొదటి రౌండు జూన్ 30న, రెండోది జులై 7న. అంటే మూడు వారాల్లో 577 సీట్లకు ఎన్నికలు. మన దగ్గర ఫ్లెక్సీలు ప్రింటవడానికే అంత టైం పడుతుంది!

నేషనల్ ర్యాలీ ఏమంటుంది? ఇళ్లు, సంక్షేమం, ఉద్యోగాల్లో ఫ్రెంచి పౌరులకే మొదటి హక్కు ఉండాలంటుంది. రెండు పౌరసత్వాలున్నవాళ్లని కొన్ని కీలకమైన ప్రభుత్వ ఉద్యోగాలకు దూరంగా ఉంచుతామని ఆ ప్రచారంలోనే బార్డెల్లా అన్నాడు. తాము కూడా ఓట్లతో వచ్చేవాళ్లమేనని, ప్రజాస్వామ్యానికి తమ వల్ల ముప్పేమీ లేదని వాళ్ల వాదన. అవతలి వాళ్ల వాదన ఇంకోటి: పౌరుల్లోనే పైమెట్టు, కిందమెట్టు అని పెట్టడం మొదలైతే, ఓట్లపెట్టె ఉన్నా అది ప్రజాస్వామ్యంగా మిగలదు.

నేను ఏడాదికి వచ్చినవాణ్ణి, వెళ్లిపోతాను. నా పక్క సీట్లో కూర్చునే ఆవిడ అలా కాదు. యాభై ఏళ్లుంటాయి. వాళ్లమ్మా నాన్నా అల్జీరియా నుంచి వచ్చి అక్కడ ఫ్యాక్టరీల్లో పనిచేశారు. ఆవిడ పుట్టింది లియాన్‌లోనే. సోషలిస్టు పార్టీ సభ్యురాలు. జూన్ 10 సోమవారం పొద్దున కాఫీ మెషీన్ దగ్గర కనపడితే, నిద్రలేని కళ్లతో ఒక్కటే అంది. "మావాళ్లు ఈ వారం కూడా కొట్టుకుంటే, ఇక మమ్మల్ని ఎవరూ కాపాడక్కర్లేదు."

నాలుగు రోజుల్లో పొత్తు

"మావాళ్లు" అంటే నాలుగు ప్రధాన పార్టీలు. సోషలిస్టులు, కమ్యూనిస్టులు, పర్యావరణ పార్టీ, మెలెంషాన్ పెట్టిన "ఎన్సుమీజ్". చివరిది వీళ్లలో ఘాటైన పార్టీ.

సోషలిస్టులంటే మన దగ్గర చాలామంది కమ్యూనిస్టులతో కలిపేస్తారు. ఆవిడ నాకు వివరంగా చెప్పింది. సమానత్వం, కార్మికుల హక్కులు, ప్రభుత్వ బడి, ప్రభుత్వ ఆస్పత్రి, ఇవన్నీ కావాలి, కానీ ఓటు ద్వారా, పార్లమెంటు ద్వారా, యూనియన్ల ద్వారానే తెచ్చుకోవాలి అనేవాళ్లు ప్రజాస్వామ్య సోషలిస్టులు. ఎన్నికల్లో ఓడితే దిగిపోవాలి, గెలిస్తే ఇంకొకరు దింపే హక్కును కాపాడాలి. అంటే వీళ్లకి ప్రజాస్వామ్యం నిచ్చెన కాదు, ఎక్కాక తన్నేయడానికి. అదే ఇల్లు.

అయితే ఈ నాలుగు పార్టీలకూ ఒకరంటే ఒకరికి మంట. 2022లో చేసుకున్న పొత్తు 2023 చివరికల్లా గాజా యుద్ధం మీద మాటల్లో విరిగిపోయింది. 2024 మే 1న, లియాన్‌కు దగ్గర్లోనే ఉన్న సెంట్ ఎతియెన్‌లో కార్మిక దినోత్సవ ర్యాలీకి సోషలిస్టుల జాబితా నాయకుడు గ్లుక్స్‌మన్ వెళితే, ఆయన మీద రంగు చల్లి వెళ్లగొట్టారు. అదీ లెఫ్ట్ ర్యాలీలోనే!

అలాంటివాళ్లు జూన్ 10న కూర్చున్నారు. జూన్ 13కి ఒప్పందం అయిపోయింది. పేరు "న్యూ పాపులర్ ఫ్రంట్". జూన్ 14న మేనిఫెస్టో. ఇంత తొందరగా ఎలా కుదిరింది?

సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అర్ధరాత్రి ప్రొడక్షన్ పడిపోయిందనుకోండి. వార్ రూమ్ కాల్‌లో అందరూ ఉంటారు. మొన్నటిదాకా ఒకరి కోడ్ మీద ఒకరు బూతులు రాసుకున్నవాళ్లు కూడా. ఆ కాల్‌లో "అసలు ఆర్కిటెక్చరే తప్పు" అని మొదలెట్టేవాణ్ణి మేనేజర్ మ్యూట్ చేస్తాడు. ముందు సర్వర్ లేవాలి. ఎవరు ఏ పని చేస్తారు, అంతే.

వాళ్లూ అదే చేశారు. ముందు సీట్లు పంచుకున్నారు: ఎన్సుమీజ్‌కు 229, సోషలిస్టులకు 175, పర్యావరణ పార్టీకి 92, కమ్యూనిస్టులకు 50. ఒక నియోజకవర్గంలో కూటమి నుంచి ఒక్కరే. యూరప్ ఎన్నికల్లో సోషలిస్టుల జాబితాకు దాదాపు 14 శాతం, ఎన్సుమీజ్‌కు 10 శాతమే వచ్చినా, సీట్లలో ఎన్సుమీజ్‌కే ఎక్కువ. సోషలిస్టులు దిగమింగారు. ప్రధాని అభ్యర్థి ఎవరన్నది తేల్చకుండా పక్కన పెట్టారు. ఆ పక్కన పెట్టిందే తర్వాత మెడకు చుట్టుకుంది, చెప్తాను.

ఇంకో సంగతి. మేనిఫెస్టోలో "వాళ్లని ఆపుదాం" ఒక్కటే లేదు. కనీస వేతనం చేతికి 1,600 యూరోలు (అప్పటికి దాదాపు 1,400 ఉండేది), నిత్యావసరాల ధరలకు కళ్లెం, 64 ఏళ్లకు పెంచిన పింఛను వయసు రద్దు. అంటే ఇల్లు గడవని మనిషికి చెప్పడానికి వీళ్ల దగ్గర ఒక మాట ఉంది. "ప్రజాస్వామ్యం ప్రమాదంలో ఉంది" అన్నది టీవీ చర్చకు సరిపోతుంది. బేకరీ దగ్గర క్యూలో నిలబడినవాడికి 200 యూరోల లెక్క కావాలి.

రెండు రౌండ్ల లెక్క

అక్కడి పద్ధతి మనకంటే వేరు. మొదటి రౌండులో సగానికి పైగా ఓట్లొస్తే (నియోజకవర్గంలోని మొత్తం ఓటర్లలో కనీసం నాలుగో వంతు కూడా ఉండాలి) అక్కడే గెలుపు. లేకపోతే వారం తర్వాత రెండో రౌండు. మొదటి ఇద్దరూ ఎలాగూ ఉంటారు. మూడో మనిషికి కూడా నమోదైన ఓటర్లలో 12.5 శాతం వచ్చి ఉంటే బరిలో ఉండొచ్చు. రెండో రౌండులో ఎవరికి ఎక్కువొస్తే వాళ్లే.

జూన్ 30న జనం విరగబడి ఓటేశారు. దాదాపు 67 శాతం. పోలింగ్ పెరిగేసరికి మూడో స్థానం వాళ్లకి కూడా అర్హత వచ్చేసింది. 300కు పైగా సీట్లలో ముక్కోణపు పోటీ. ముక్కోణం అంటే మనకు తెలిసిందే. ఓట్లు చీలతాయి. 37 శాతం వచ్చినవాడు కూడా గెలుస్తాడు.

ఆ రాత్రే మెలెంషాన్ ప్రకటించారు. మా అభ్యర్థి మూడో స్థానంలో ఉండి, నేషనల్ ర్యాలీ మొదటి స్థానంలో ఉన్న ప్రతిచోటా తప్పుకుంటాం అని. సోషలిస్టులు, కమ్యూనిస్టులు, పర్యావరణ పార్టీ కూడా అదే మాటన్నాయి. అవతలి నుంచి మీరేమిస్తారని అడగలేదు. మాక్రాన్ పక్షం తటపటాయించింది. కొందరు ఎన్సుమీజ్ అభ్యర్థులకు మాత్రం ఓటేయమన్నారు. అయినా చాలామంది తప్పుకున్నారు. జులై 2 మంగళవారం సాయంత్రం ఆరింటికి గడువు ముగిసేసరికి తప్పుకున్నవాళ్లు 200 దాటారు. అందులో దాదాపు 130 మంది వామపక్ష కూటమి వాళ్లే. ముక్కోణపు పోటీలు వందలోపుకు పడిపోయాయి.

ఇందులో నాకు బాగా గుర్తుండిపోయింది కల్వదోస్ జిల్లాలోని ఒక సీటు. అక్కడ మాక్రాన్ పక్షం అభ్యర్థి మాజీ ప్రధాని ఎలిజబెత్ బోర్న్. 2023 మార్చిలో అసెంబ్లీలో ఓటింగే లేకుండా, రాజ్యాంగంలోని 49.3 అధికరణం వాడి, పింఛను వయసును 62 నుంచి 64కు పెంచింది ఆవిడే. దాని మీద లక్షలాది మంది వీధుల్లోకొచ్చారు. ఆ సీట్లో మొదటి స్థానం నేషనల్ ర్యాలీ, రెండు బోర్న్, మూడు ఎన్సుమీజ్ కుర్రాడు. ఆ కుర్రాడు తప్పుకున్నాడు. బోర్న్ 56 శాతంతో గెలిచింది. సొమ్ జిల్లాలో దీనికి తిరగబడ్డ కథ. మాక్రాన్ పక్షం అభ్యర్థి తప్పుకుంటే వామపక్ష నాయకుడు ఫ్రాన్సువా రుఫాన్ బయటపడ్డాడు.

ఆవిడ వేసిన ఓటు

ఈ పనికి ఫ్రెంచివాళ్లు వాడే మాట వింటే నాకు నవ్వొచ్చింది. "బరాజ్" కట్టడం అంటారు. నది మీద కట్టే బ్యారేజీ! అదే మాట. ప్రకాశం బ్యారేజీ మీద స్కూటీ నేర్చుకున్నవాణ్ణి నేను. మా ఊళ్లో దాని మీదే ఊరు బతుకుతుందని చెప్తే, మా టీమ్‌లో అందరూ ఆశ్చర్యపోయారు.

ఆవిడ నియోజకవర్గంలోనూ కూటమి అభ్యర్థి మూడో స్థానం. తప్పుకున్నాడు. మిగిలింది మాక్రాన్ పక్షం మనిషి, నేషనల్ ర్యాలీ మనిషి. పింఛను ఉద్యమంలో ఆవిడ నెలల తరబడి ప్రతి సమ్మెకూ జీతం పోగొట్టుకుని రోడ్డు మీద నడిచింది. ఇప్పుడు ఆ ప్రభుత్వం మనిషికే ఓటు.

లంచ్‌లో మా టీమ్ కుర్రాడొకడు, మాక్రాన్‌కు ఓటేసేవాడు, అన్నాడు. "ఈసారి మీరు మాకు వేయక తప్పదు కదా."

ఆవిడ ఫోర్కు కింద పెట్టింది. "వేస్తాను. కానీ అది మీకు వేసినట్టు కాదు. ఆ తేడా మీవాళ్లకు సోమవారం కూడా గుర్తుండాలి."

అక్కడ ఈవీఎంలు చాలా తక్కువ ఊళ్లలోనే ఉన్నాయి. ప్రతి అభ్యర్థికీ ఒక కాగితం ఉంటుంది. కావలసిన కాగితం కవరులో పెట్టి, అద్దంలాంటి పెట్టెలో వేయాలి. వేయగానే అధికారి "ఓటేశారు" అని పైకి అంటాడు. సాయంత్రం ఓట్లు లెక్కపెట్టేది కూడా మామూలు ఓటర్లే. ఆవిడ ఆ సాయంత్రం లెక్కింపుకు కూర్చుంది. మర్నాడు నాతో చెప్పింది. "కొన్ని కవర్లలో తెల్ల కాగితం. ఎవరూ వద్దని. వాటి మీద నాకు కోపం రాలేదు. నా చెయ్యి కూడా ఒక్క క్షణం అటే వెళ్లింది."

పొత్తులో చివరి పని ఇదే. నాయకులు సంతకాలు పెడతారు, అభ్యర్థులు తప్పుకుంటారు. కానీ ఓటు బదిలీ అవ్వాలంటే ఆ కర్టెన్ వెనక ఒక్కో మనిషి మింగుకోవాలి. ఎన్నికల తర్వాత వచ్చిన సర్వేల ప్రకారం, అలాంటి చోట్ల వామపక్ష ఓటర్లలో పదిమందికి ఏడుగురు దాకా మాక్రాన్ పక్షానికి వేశారు. అటు నుంచి ఇటు వచ్చింది అంతకంటే తక్కువ, సగం అటూ ఇటూ. అంటే బ్యారేజీకి ఎక్కువ రాళ్లు మోసింది వామపక్షం వాళ్లే.

దెబ్బ తిని నేర్చుకున్న లెక్క

ఇది వాళ్లకు ఊరికే రాలేదు. 2002 అధ్యక్ష ఎన్నికల్లో మొదటి రౌండులో 16 మంది పోటీ చేశారు. లెఫ్ట్ నుంచే అరడజనుకు పైగా. ఎవరికి వాళ్లు "మొదటి రౌండే కదా, మన బలం చూపిద్దాం" అనుకున్నారు. సోషలిస్టు ప్రధాని జోస్పాన్‌కు 16.2 శాతం, బార్డెల్లా పార్టీ పాత రూపానికి నాయకుడైన జాన్ మరీ లె పెన్‌కు 16.9 శాతం. తేడా 2 లక్షల ఓట్ల లోపే. జోస్పాన్ ఇంటికెళ్లారు. వామపక్షం వైపు చిన్న అభ్యర్థి క్రిస్తియాన్ తోబిరాకే 6 లక్షలకు పైగా ఓట్లొచ్చాయి. రెండో రౌండులో లెఫ్ట్ ఓటర్లు కుడివైపు షిరాక్‌కు వేశారు, ఆయన 82 శాతంతో గెలిచారు.

ఇంకా వెనక్కి వెళితే జర్మనీ. 1932 నవంబరు ఎన్నికల్లో నాజీలకు 33 శాతం. సోషల్ డెమొక్రాట్లకు 20, కమ్యూనిస్టులకు 17. కలిపితే నాజీల కంటే ఎక్కువే. కానీ కమ్యూనిస్టులు సోషలిస్టులను "సోషల్ ఫాసిస్టులు" అని తిడుతూ కూర్చున్నారు. మూడు నెలల్లోపే హిట్లర్ ఛాన్సలర్. ఆ తర్వాత రెండు పార్టీల వాళ్లూ ఒకే జైళ్లలో కలుసుకున్నారు.

ఫ్రాన్స్ దాన్ని చూసి భయపడింది. 1934 ఫిబ్రవరి 6న పారిస్‌లో మితవాద దళాలు పార్లమెంటు మీదికి వచ్చాయి. ఫిబ్రవరి 12న సోషలిస్టుల ఊరేగింపు, కమ్యూనిస్టుల ఊరేగింపు విడివిడిగా బయల్దేరి ఎదురుపడ్డాయి. కొట్టుకుంటారనుకుంటే కలిసి నడిచారు. అదే 1935లో పాపులర్ ఫ్రంట్ అయ్యింది. 1936లో సోషలిస్టు నాయకుడు లియోన్ బ్లూమ్ ప్రధాని. ఆ వేసవిలోనే కార్మికులకు ఏడాదికి రెండు వారాల జీతంతో కూడిన సెలవు, వారానికి 40 గంటల పని. ఇప్పటికీ ఫ్రెంచివాళ్లకు బ్లూమ్ అనగానే గుర్తొచ్చేది ఆ సెలవులే. ఆ ప్రభుత్వం ఎక్కువ కాలం నిలవలేదు, సెలవులు మాత్రం నిలిచాయి. 2024లో కొత్త కూటమికి ఆ పేరే పెట్టుకోవడం అందుకే.

మన దగ్గరైతే?

ఇదంతా నాన్నకు చెప్తే, "మన దగ్గర రెండో రౌండు ఏదిరా? తప్పుకోవాలంటే నామినేషన్ల ఉపసంహరణ లోపలే" అన్నాడు. నిజమే. జనం ఎవరివైపు ఉన్నారో తెలియక ముందే ఎవరు తగ్గాలో తేల్చుకోవాలి. అందుకే మన పొత్తులన్నీ సీట్ల దగ్గర తెగుతాయి. 2023 తెలంగాణ ఎన్నికల్లో సీపీఐ కాంగ్రెస్‌తో కలిసి ఒక్క సీటు తీసుకుని కొత్తగూడెం గెలిచింది. సీపీఎంకు బేరం కుదరక విడిగా వెళ్లి ఒక్కటీ గెలవలేదు.

నాన్న ఇంకో మాట గుర్తుచేశాడు. 1977. ఎమర్జెన్సీ తర్వాత సోషలిస్టులు, జనసంఘ్, లోక్‌దళ్, పాత కాంగ్రెస్ వాళ్లు జనతా పార్టీగా ఒకే జెండా కిందికి వచ్చారు. సీపీఎం అందులో చేరకుండానే సీట్లు సర్దుకుంది. ఇందిరా గాంధీ ఓడిపోయారు. మన ఆంధ్రప్రదేశ్ మాత్రం 42కి 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. మిగిలిన ఒక్కటి నంద్యాలలో నీలం సంజీవరెడ్డి. రెండేళ్లు తిరిగేసరికి, జనసంఘ్ నుంచి వచ్చినవాళ్లు ఆరెస్సెస్‌లో కూడా ఉండొచ్చా అన్న గొడవతో జనతా చీలింది. దాన్ని గట్టిగా లేవనెత్తింది సోషలిస్టు మధు లిమాయే.

"గెలవడానికి ఒక్క శత్రువు చాలు. నడపడానికి మాత్రం ఒక్క ఒప్పందమైనా కావాలి" అన్నాడు నాన్న. కండక్టరు లెక్క. టికెట్ కొట్టాక బస్సు ఎటు పోతుందో కూడా చెప్పాలి కదా.

గెలిచాక ఏమైంది?

ఇక్కడే కథ చేదవుతుంది. కూటమికి సుమారు 180 సీట్లు. మెజారిటీకి 289 కావాలి. మొదటి స్థానమైతే వచ్చింది, అధికారం రాలేదు. ముందు పక్కన పెట్టిన ప్రశ్న, ప్రధాని ఎవరు అన్నది, ఇప్పుడు మీద పడింది. రెండు వారాలకు పైగా కొట్టుకున్నారు. చివరికి జులై 23న లూసీ కాస్తే అనే ఉన్నతాధికారి పేరు చెప్పారు. ఒలింపిక్స్ అయ్యేదాకా కొత్త ప్రభుత్వం లేదన్న మాక్రాన్, తర్వాత ఆవిడ పేరును కాదన్నారు. సెప్టెంబరు 5న మిషెల్ బార్నియేను ప్రధానిగా పెట్టారు. ఆయన పార్టీ ఎన్నికల్లో నాలుగో స్థానం!

"సోమవారం కూడా గుర్తుండాలి" అంది కదా ఆవిడ. గుర్తుండలేదు. డిసెంబరు 4న అవిశ్వాస తీర్మానంలో బార్నియే పడిపోయారు. 1962 తర్వాత అలా పడిన మొదటి ప్రభుత్వం అదే. 2025లో బైరూ ప్రభుత్వం కూడా పడింది. ఈలోగా బడ్జెట్ మీద సోషలిస్టులు ఒక దారి, ఎన్సుమీజ్ ఒక దారి. కూటమి పేరుకే మిగిలింది.

మరి ఆ తప్పుకోవడమంతా వృథానా? ఆవిడను అదే అడిగాను. "లేదు" అంది. "ఓడిపోయి ఉంటే ఇప్పుడు మేం కొట్టుకోవడానికి కూడా జాగా ఉండేది కాదు."

కానీ నేను ఇంకో మనిషి గురించి కూడా చెప్పాలి. మా బిల్డింగ్‌లో కింది ఇంట్లో ఒక పెద్దాయన ఉండేవాడు. రిటైరైన లారీ డ్రైవరు. నా పార్శిళ్లన్నీ తీసుకుని దాచిపెట్టేవాడు. ఆయన ఓటు నేషనల్ ర్యాలీకి. దాచలేదు. "నీ మీద కాదు బాబూ" అన్నాడు. సొంత ఊళ్లో డాక్టరు లేడు, పోస్టాఫీసు మూసేశారు, డీజిల్ ధర చూస్తే కళ్లు తిరుగుతాయి, పారిస్‌లో ఎవరూ వినరు. ప్రతిసారీ అందరూ కలిసి తనని ఓడిస్తారు, ఓడించాక ఎవరూ తన ఊరికి రారు. ఇదీ ఆయన బాధ.

లెక్కలు చూడండి. అధ్యక్ష ఎన్నికల రెండో రౌండులో లె పెన్ కుటుంబానికి 2002లో దాదాపు 18 శాతం. 2017లో 34. 2022లో 41కి పైనే. అసెంబ్లీలో 2022లో 89 సీట్లు, 2024లో మిత్రులతో కలిపి 143. బ్యారేజీ ప్రతిసారీ నిలబడింది. నీటిమట్టం ప్రతిసారీ పెరిగింది. 82 శాతంతో గెలిచిన షిరాక్, ఆ ఓట్లేసిన వామపక్షం వాళ్ల కోసం ఏం మార్చారు? ఆపడం కోసం ఓటు అడిగి, ఆపాక మర్చిపోతే, వచ్చేసారి ఆ తెల్ల కాగితాల కవర్లే ఎక్కువవుతాయి. 2027లో మళ్లీ అధ్యక్ష ఎన్నిక ఉంది.

సెప్టెంబరు 1, ఆదివారం. ఫ్రాన్స్‌లో ఇంకా కొత్త ప్రధాని రాలేదు. నేను అదేం పట్టించుకునే స్థితిలో లేను. ఇంట్లో అమ్మా నాన్నా మొదటి అంతస్తులో చిక్కుకుపోయారు. కింద ఇల్లు మునిగింది. కరెంటు లేదు. ఫోన్ స్విచ్చాఫ్. లియాన్‌లో కూర్చుని ప్రకాశం బ్యారేజీ నంబర్లు చూస్తూ గడిపా. మర్నాడు 11 లక్షల క్యూసెక్కులు దాటింది, ఇంతకు ముందెప్పుడూ రానంత వరద. బ్యారేజీకి ఏమవుతుందో అని ఒకటే భయం. మూడో రోజు నాన్న ఎవరి ఫోన్ నుంచో చేశాడు.

"బ్యారేజీకి ఏం కాలేదురా. అది నిలబడింది. మనకి నీళ్లొచ్చింది బుడమేరు నుంచి."

నేను అప్పటిదాకా బుడమేరు వైపు చూడనే లేదు. ఆ వారం ఆఫీసుకెళ్లి ఆవిడకు ఇది చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అమ్మా నాన్నకు తిండి, నీళ్లు అందాయా అని అడిగింది. అందాయన్నాను. ఆ సాయంత్రం వాళ్ల పార్టీ మీటింగ్ ఉందట. అక్కడేం చెప్పిందో మర్నాడు నాకు చెప్పింది.

"ఎవరితో కలవాలన్న చర్చ ఇక్కడితో ఆపుదాం, ముందు ఆ డాక్టరు లేని ఊళ్లకు వెళ్దాం అన్నాను. పదిహేడు మంది ఉన్నాం. నలుగురు వస్తామన్నారు."